చిరిగిన సౌండు

మా బెజవాడ ఆర్కెస్ట్రాల్లో గిటారుకి సొంత గొంతు ఉండేది కాదు. పాడేవాళ్ళ మైకులు, మాస్టారి అకార్డియన్ మైకు, తబలా మైకు అన్నీ అమరాక, మైకు సెట్టు ఆయనకి దయ కలిగితే గిటారు తీగ ఆంప్లిఫయరు వెనకవైపు ఖాళీగా ఉన్న రంధ్రంలో దూరేది. సరైన ప్లగ్గు ఎవరి దగ్గరా ఉండేది కాదు. తీగ కొసలు వొలిచి, అగ్గిపుల్ల విరిచి పక్కన గుచ్చి బిగించేవాళ్ళు. అక్కణ్ణుంచి ఆ సౌండు పందిరి గుంజలకీ కరెంటు స్తంభాలకీ కట్టిన హారన్లలోకి పోయేది. హారను పని నాలుగు వీధుల అవతలికి మాట వినిపించడం. గిటారులో మంద్రంగా మోగే తీగల బరువు దానికి పట్టదు. పైగా హారన్లన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి కనక, వాయించేవాడికి తను ఏం వాయిస్తున్నాడో తెలిసేది కాదు. పాట అయ్యాక కింద నుంచి ఎవడో కుర్రాడు వచ్చి "వినబడింది బాబాయ్" అంటే వినబడినట్టు.

శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక చవితి, దసరా, మధ్యలో పెళ్ళిళ్ళు. అదీ మా సంవత్సరం. నాయకుడు మాస్టారు. పగలు హైస్కూల్లో లెక్కలు, రాత్రి అకార్డియన్. నేను బొంగోలు వాయించేవాణ్ణి. గిటారాయన రైల్వేలో పనిచేసేవాడు, వయసుతో పని లేకుండా అందరికీ బాబాయే. రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరుగారి దగ్గర గిటారు నేర్చుకున్నాడు. కలకత్తాలో చేసిన గిటారు, దానికి మరలతో బిగించిన పికప్పు. ఆ డ్రైవరుగారింట్లోనే షాడోస్ వాళ్ళ రికార్డు విన్నాడు. 1960లో వచ్చిన 'అపాచీ'. అందులో పాడేవాడు లేడు, గిటారే మొదటి నుంచి చివరిదాకా కథ చెబుతుంది. దాని వెనక ఇంగ్లండులో తయారైన వాక్స్ అనే వాల్వు ఆంప్లిఫయరు ఉందని డ్రైవరుగారు చెప్పారట. అప్పట్నుంచీ బాబాయికి అదే పిచ్చి. గిటారుకి విడిగా ఒక పెట్టె ఉండాలి, అది తన వీపు వెనకే మోగాలి.

ఇది 'మరో చరిత్ర' విడుదలైన 1978 నాటి మాట. ఫారిన్ ఆంప్లిఫయరు కొనడమనేది రైల్వే జీతగాడు నోటితో అనదగ్గ సంగతి కాదు. ఇక మిగిలిన దారి గవర్నరుపేట సందులో రేడియోలు బాగుచేసే సాయిబుగారు.

సాయిబుగారి కొట్టు గురించి కొంచెం చెప్పాలి. అలాంటి కొట్టు ఇప్పుడు ఏ ఊళ్ళోనూ లేదు. రెండు గజాల వెడల్పు. మూడు గోడలకీ బల్లలు, బల్లల మీద గుల్ల విప్పిన మర్ఫీలు, ఫిలిప్సులు, వాటి మెడకి దారంతో కట్టిన చీటీలు. చీటీ మీద సొంతదారు పేరు ఉండదు, జబ్బు ఉంటుంది: 'గుయ్ మంటోంది', 'సిలోను రాదు', 'వేడెక్కాక పోతోంది'. పైన అరలో అట్టపెట్టెల్లో వాల్వులు. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారు చేస్తుండేది కనక మనకి వాటి కరువు లేదు. కొత్త వాల్వుని సాయిబుగారు పెట్టెలోంచి తీసి ముందు చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టేవారు. లోపల ఏదైనా గలగలమంటే పక్కన పెట్టేసేవారు.

ఆయన పనిచేస్తుంటే ఎడమ చేయి ఎప్పుడూ వీపు వెనక ఉండేది. వాల్వు సెట్టులో 300 వోల్టుల పైన డీసీ ఉంటుంది. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతిలోకి పోతుందని, ఒక చేయి జేబులో పెట్టుకుని పనిచెయ్యాలని పాత మెకానిక్కుల నియమం. లుంగీకి జేబు ఉండదు కాబట్టి ఆయన చేయి వీపు మీదికి వెళ్ళింది. కొట్టులో పని నేర్చుకునే కుర్రాళ్ళు కూడా అలాగే నిలబడేవాళ్ళు. దూరం నుంచి చూస్తే అందరూ ఎవరికో తెలియకుండా ఏదో దాచుకున్నట్టు ఉండేది.

బాబాయి అడిగింది విని సాయిబుగారు బల్ల కింద నుంచి ఒక పుస్తకం తీశారు. ముల్లార్డ్ కంపెనీ 1950ల్లో అచ్చువేసిన ఆంప్లిఫయరు సర్క్యూట్ల పుస్తకం. పేజీల నిండా సోల్డరింగ్ పేస్టు మరకలు. అందులో '5-10' అనే సర్క్యూట్ ఒకటుంది. ఐదు వాల్వులు, పది వాట్లు, అందుకే ఆ పేరు. గ్రామఫోను రికార్డుని ఉన్నదున్నట్టు వినిపించడానికి తయారైన సర్క్యూట్ అది. డిస్టార్షను అర శాతం లోపే. ఆ అంకె చెప్పేటప్పుడు సాయిబుగారి గొంతు మారేది. ఆయన బతుకంతా పోరాడింది ఆ డిస్టార్షనుతోనే. గరగర, గుయ్‌మనడం, కీచుమనడం, ఇవన్నీ ఆయన దగ్గరికి జబ్బులుగా వచ్చి, నయమై వెళ్ళాయి.

సామాన్లు పోగవడానికి నెలలు పట్టింది. బాబాయికి రైల్వే పాసు ఉండేది కాబట్టి మద్రాసు రాకపోకలు ఆయనవే. సెంట్రల్ స్టేషను దిగగానే పక్కన మూర్ మార్కెట్టు. అక్కడ డిస్పోజల్ సరుకులో వాల్వు సాకెట్లు, మిలిటరీ వాళ్ళ స్విచ్చిలు, గట్టి కండెన్సర్లు దొరికేవి. గిటారు తీగలకి మౌంట్ రోడ్డులో మ్యూజీ మ్యూజికల్. 1842లో పెట్టిన కొట్టు, తెలుగు దేశంలో హార్మోనియం పెట్టె ముట్టుకున్న ప్రతివాడికీ దాని పేరు తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం సాయిబుగారు బయట కొననివ్వలేదు. స్టాంపింగులు తెప్పించి, బాబిను మీద ఎనామిల్ తీగ పొర తర్వాత పొర తనే చుట్టారు. పొరకీ పొరకీ మధ్య కాయితం. చుట్లు లెక్కపెడుతున్నప్పుడు ఎవరు పలకరించినా బదులు చెప్పేవారు కాదు, తల మాత్రం ఊపేవారు. చివర్న వార్నిష్‌లో ముంచి ఎండకి పెట్టారు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఎంత బాగుంటే ఆంప్లిఫయరు అంత అని ఆయన నమ్మకం. ఇప్పుడు కొద్దో గొప్పో తెలిశాక చెబుతున్నాను, ఆ నమ్మకం నిజమే.

పెట్టె కట్టిన వడ్రంగితో ఇంకో తగువు. స్పీకరు పెట్టెకి వెనకవైపు తెరిచి ఉండాలని బాబాయి. వెనక చెక్క లేకుండా బీరువా ఎట్లా చేస్తానండీ, ఎలకలు దూరవా అని వడ్రంగి. మూడు రోజులు పని ఆపేశాడు. ఆఖరికి తెరిచే ఉంచాడు గానీ, ఎందుకైనా మంచిదని కీళ్ళు బిగించడానికి గుంటలు తొలిచి పెట్టాడు.

ప్రాక్టీసు గది సత్యనారాయణపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద. కింద మిషను నడుస్తున్నంతసేపు పైన ఏదీ వాయించడానికి వీల్లేదు. మోటారు చిటపటలన్నీ స్పీకర్లోకి వచ్చేవి. మిషను ఆగాకే మేము మొదలుపెట్టడం. ఆ సాయంత్రం సాయిబుగారు స్వయంగా వచ్చారు. ఆంప్లిఫయరు రిక్షాలో ఆయన ఒళ్ళో కూచుని వచ్చింది. ఇంకా మూత లేదు, ఛాసీ మీద ఐదు వాల్వులూ బయటికే. ట్యూబులైటు చోకు గుయ్‌మని గిటారు పికప్పులోకి వస్తుందని ఆర్పించి, బల్బు వేయించారు. ముందు స్పీకరు తీగలు బిగించారు. "స్పీకరు తగిలించకుండా స్విచ్చి వేస్తే ట్రాన్స్‌ఫార్మరు చచ్చిపోద్ది, గుర్తుపెట్టుకో అబ్బాయ్" అని బాబాయికి చెప్పి, నాకూ చెప్పి, మాస్టారికి కూడా చెప్పారు. తర్వాత స్విచ్చి.

స్విచ్చి వేస్తే ఏమీ జరగలేదు. వాల్వు సంగతి తెలియని వాళ్ళకి ఇది చెప్పాలి. లోపల సన్నటి గొట్టానికి పూసిన బేరియం పూత ఎర్రగా కాగితే తప్ప ఎలక్ట్రాన్లు బయటికి రావు. అర నిమిషం పడుతుంది. ముందు గాజు అడుగున ఒక నారింజ రంగు చుక్క, తర్వాత అది నిలువుగా పాకుతుంది. బొటనవేలంత ఈఎల్84 వాల్వులు రెండు పక్కపక్కన వెలుగుతుంటే గదిలో అందరం వాటినే చూస్తూ కూచున్నాం. అప్పుడు ఒక్కసారిగా అరుపు. కీచుమని చెవులు చిల్లులు పడేట్టు అరిచింది. గిటారింకా తగిలించనే లేదు.

సాయిబుగారు కంగారు పడలేదు. ప్లగ్గు పీకి, పెద్ద కండెన్సరు కొసల మీద స్క్రూడ్రైవరు అడ్డంగా పెట్టి 'టప్' మనిపించి, దానిలో దాగిన కరెంటుని చంపారు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు నుంచి రెండు వాల్వులకీ వెళ్ళే తీగలు తారుమారయ్యాయి, అంతే అన్నారు. ఐరను కాగేదాకా టీలు తెప్పించారు. తీగలు అటుదిటు మార్చి అతికించి మళ్ళీ స్విచ్చి వేస్తే ఈసారి సన్నటి ఝుం మాత్రమే. బాబాయి గిటారు తగిలించి ఒక్క కార్డు మీటాడు.

నా వేళ్ళు బొంగోల మీద ఊరికే ఆనించి ఉన్నాయి. ఆ మోత తోలు మీదుగా వేళ్ళకి తగిలింది. హారనులో వినే గిటారు చెవికి మాత్రమే తెలిసేది. ఇది నేల మీదుగా వచ్చింది. బాబాయి మళ్ళీ మీటలేదు. ఆ కార్డు ఆరిపోయేదాకా ఆగి, ఆ తర్వాత 'అపాచీ' మొదటి వరస మెల్లగా వాయించాడు. మాస్టారు అకార్డియన్ బెల్టు సర్దుకుంటూ "బాగానే ఉందయ్యా" అన్నారు. ఆయన నోట 'బాగానే' అంటే చాలా ఎక్కువ.

తర్వాత పాటలు. కాస్త మెత్తటి పాటలకి అంతా సవ్యంగా సాగింది. డ్రమ్సు కుర్రాడు కాలితో పెద్ద డ్రమ్ము కొట్టినప్పుడల్లా ఆంప్లిఫయరులో గంట మోగినట్టు ఒక 'ణం' వచ్చేది. మొదటి వాల్వు ఈఎఫ్86ది ఆ గుణం, అదిరితే మోగుతుంది. సాయిబుగారు సైకిలు ట్యూబు ముక్కలు కత్తిరించి సాకెట్ కింద పెట్టారు. మోత తగ్గింది. ఆ తర్వాత 'హరే రామ హరే కృష్ణ' సినిమాలో ఆ గంజాయి పాట ఎత్తుకున్నాం. 1971 నుంచీ కుర్రకారు చీటీలు రాసి పంపే పాట. భూపిందర్ సింగ్ వాయించిన ఆ గిటారు ఎత్తుగడ హారన్లలో ఎన్నడూ సరిగ్గా పలకలేదు. డ్రమ్సు జోరందుకుంది. తను వినబడటం లేదని బాబాయి వాల్యూము చివరిదాకా తిప్పాడు. పది వాట్లు ఎంతని ఆగుతాయి? కార్డు చివర గరగరలాడింది. గుడ్డ పరపర చింపినట్టు.

మాస్టారు చేయెత్తారు. "స్పీకరు చిరిగింది. కట్టెయ్."

సాయిబుగారి మొహం మాడిపోయింది. స్పీకరు కాయితం మీద అరచేయి ఆనించి లోపలికీ బయటికీ కదిపి చూశారు. ఎక్కడా చిరగలేదు. వెనక్కి వెళ్ళి, ఔట్‌పుట్ నుంచి ముందు వాల్వుకి తిరిగి వచ్చే ఒక తీగని విప్పి, ఇప్పుడు వాయించు అన్నారు. లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి విప్పారు, అంతే. ఆ తీగ పేరు నెగటివ్ ఫీడ్‌బ్యాక్. బయటికి వచ్చే సౌండులో కొంత వెనక్కి తెచ్చి, లోపలికి వెళ్ళేదానితో పోల్చి, తేడా వస్తే సరిదిద్దుతుంది. 1927లో హెరాల్డ్ బ్లాక్ అనే బెల్ ల్యాబ్స్ ఇంజనీరు పడవలో ఆఫీసుకి పోతూ చేతిలోని న్యూస్‌పేపరు మీదే గీసుకున్న ఆలోచన అది. దూరం టెలిఫోన్లలో మాట చెడిపోకుండా ఉండటానికి పుట్టింది. 5-10 లో ఆ అర శాతం గొప్పంతా ఆ తీగదే.

తీగ విప్పగానే సౌండు పెద్దదైంది. గరగర పోలేదు గానీ దాని పదును పోయింది. అంతకుముందు ఒక హద్దు దాకా శుభ్రంగా ఉండి, దాటితే ఠక్కున విరిగేది. ఇప్పుడు మెల్లగా మీటితే మామూలుగా, కాస్త గట్టిగా మీటితే బొంగురుగా, ఇంకా గట్టిగా మీటితే అరుపు. వేలి బరువుని బట్టి గొంతు మారుతోంది. గట్టిగా కొట్టినప్పుడు ఒక్క క్షణం కుంగి, మళ్ళీ లేచి నిలబడుతోంది. అందులో వోల్టేజీ వాటా కూడా ఉందనుకుంటాను, వేసవి సాయంత్రాలు మా వీధిలో బల్బులు మసకబారేవి. బాబాయి కళ్ళు మూసుకుని అదే కార్డు మళ్ళీ మళ్ళీ మీటుతున్నాడు.

"అబ్బాయ్, ఇది తప్పు సౌండు" అన్నారు సాయిబుగారు. "కొలిస్తే తప్పు."

"తప్పైతే అవనీండి సాయిబుగారూ. ఇట్లాగే ఉండనీండి."

"ఆ తీగ తీసేస్తే నా పని సగం తీసేసినట్టే."

"రేపు పందిట్లో మైకు పాడైందని రాళ్ళేస్తారు" అని మాస్టారు.

ఆ తగువు చాలాసేపు సాగింది. ముగ్గురూ పెద్దమనుషులే, ముగ్గురి చెవులూ గట్టివే. సాయిబుగారు విన్నది యంత్రాన్ని. మాస్టారు విన్నది జనాన్ని. బాబాయి విన్నది రైల్వే కాలనీలో ఆ పాత రికార్డునో మరి దేన్నో. నేను ఎవరి పక్షమో నన్నెవరూ అడగలేదు. అడిగితే బాబాయి పక్షమే.

మాకప్పుడు తెలియని సంగతొకటుంది. ఈ తప్పు సౌండు కోసమే 1958లో అమెరికాలో లింక్ రే అనే ఆయన తన ఆంప్లిఫయరు స్పీకరుకి పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. 1964లో లండనులో కింక్స్ బ్యాండు డేవ్ డేవీస్ బ్లేడుతో స్పీకరు కాయితాన్ని నిజంగానే కోశాడు. మాస్టారు అన్న మాట అక్షరాలా వాళ్ళ పద్ధతి. తెలిస్తే ఆయన ఒప్పుకునేవారా అంటే, ఒప్పుకునేవారు కాదు. లండను వాళ్ళకి వేరే పని లేదా అనేవారు.

చివరికి దారి చూపింది సాయిబుగారే. మూర్ మార్కెట్టు మిలిటరీ స్విచ్చి ఒకటి సంచిలో మిగిలి ఉంది. ఆ తీగ మధ్యలో దాన్ని బిగించారు. పైకి వేస్తే తీగ కలుస్తుంది, కిందికి వేస్తే తెగుతుంది. పైన సాయిబుగారి సౌండు, కింద బాబాయి సౌండు. ఏ పాటకి ఏది అన్నది మాస్టారు చెప్పాలి. ఆ షరతు మీద అందరూ ఇళ్ళకి వెళ్ళారు.

ఆ పెట్టె వచ్చాక మా కూర్చునే వరస మారిపోయింది. అంతకుముందు మాస్టారు మధ్యలో, ఆయన అకార్డియన్‌ని బట్టి మేమంతా. ఇప్పుడు పాట ఎత్తుకోవాలంటే వెనక నుంచి ముందు గిటారు కార్డు పడాలి. మాస్టారు కూడా తెలియకుండానే దానికోసం ఆగేవారు. గాయని తన గొంతు మీద గిటారు పడుతోందని పెట్టెని పక్కకి తిప్పించింది. పక్కకి తిప్పితే నా చెవిలో పడేది. నేను జరిగితే తబలా ఆయనకి చోటు లేదు. మిక్సరు ముందు కూచుని ఎవడో సర్దే పని కాదప్పుడు. గదిలో ఉన్నవాళ్ళమే ఒకరినొకరు తగ్గించుకుని, జరుపుకుని, అలిగి, మళ్ళీ వచ్చి సౌండు సరిచేసుకోవాలి. ఒక పాట సరిగ్గా కుదిరిందంటే ఎవరు ఎంత తగ్గారో అందరికీ తెలుసు. మద్రాసులో బాలు నడిపిన ట్రూపులో ఇళయరాజా గిటారూ హార్మోనియమూ వాయించేవాడని చాలా ఏళ్ళకి తెలిసినప్పుడు, వాళ్ళ గదిలో ఇలాంటి తగువులు ఎలా ఉండేవో అనుకున్నాను.

పోవడం మాత్రం తొందరగా పోయింది. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లు తేలిగ్గా, చవగ్గా వచ్చాయి. స్విచ్చి వేయగానే పలికేవి. ఆ అర నిమిషం ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. కాసియో కీబోర్డు వచ్చి ముందు అకార్డియన్‌ని, తర్వాత గిటారుని, ఆఖరికి నా బొంగోలని కూడా తనలో కలిపేసుకుంది. ఆ తర్వాత ట్రాకులు. పాడేవాడొక్కడు మైకు పట్టుకుని నిలబడితే చాలు, వెనక వాద్యాలన్నీ క్యాసెట్లోంచి. మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. భారత్ ఎలక్ట్రానిక్స్ రేడియో వాల్వులు మానేసింది. సాయిబుగారి బల్లల మీద టీవీలు చేరాయి. చీటీల మీద జబ్బుల పేర్లు కూడా మారాయి.

మా ఆంప్లిఫయరు ఒక పెళ్ళిలో చచ్చింది. సాయం వచ్చిన కుర్రాడెవడో స్పీకరు తగిలించకుండా స్విచ్చి వేశాడు. అన్నిసార్లు చెప్పిన మాటే. ఆ ట్రాన్స్‌ఫార్మరు రాగి తూకానికి పోయింది. ఖాళీ పెట్టెకి బాబాయి వాళ్ళావిడ తలుపు పెట్టించింది. కీళ్ళ గుంటలు ముందే ఉన్నాయి కనక వడ్రంగికి పూట పని. ఈఎల్84 వాల్వులు మాత్రం ఇప్పటికీ దొరుకుతాయి. స్లొవేకియాలో, రష్యాలో, చైనాలో చేస్తున్నారు, గిటారు వాళ్ళ కోసమే. ఒకదాని ధరకి అప్పట్లో మా పెట్టె మొత్తం అయ్యేది.

అయితే ఆ మిలిటరీ స్విచ్చి వల్ల సాయిబుగారికి నష్టమేం జరగలేదు. మా ప్రోగ్రాములు విని గుంటూరు నుంచీ ఏలూరు నుంచీ ఆర్కెస్ట్రా వాళ్ళు ఆయన కొట్టుకి వచ్చేవారు, అదే పెట్టె కావాలని. ఆయన ముల్లార్డ్ పుస్తకం తీసి, అర శాతం సంగతి మొత్తం చెప్పి, వాళ్ళు విన్నా వినకపోయినా పూర్తిచేసి, అప్పుడు అడిగేవారు: "మామూలుదా, చిరిగిందా?" చిరిగినదానికి పాతిక రూపాయలు ఎక్కువ. తీగ విప్పడమే కదండీ, ఎక్కువెందుకు అని ఒకాయన బేరమాడితే, "విప్పడానికి కాదు బాబూ, విప్పాక నేను వినాలి కదా, దానికి" అన్నారట.